బల్లక్రింది రొట్టెముక్కలు: మరియా మాంటిస్సోరి జీవితము

పఠనభాగము: మార్కు సువార్త 7:24–30



తెలుగుదేశములో ఒక మాదిరి పట్టణమునకు పోయినచో మాంటిస్సోరి అను పేరు వ్రాసిన బడి బోర్డు కనబడుట వింత కాదు. టై కట్టుకొని, బూట్లు తొడుగుకొని బస్సెక్కి పోవు పిల్లలు, తండ్రి అప్పుచేసి కట్టు ఫీజులు, ఇంగ్లీషు పద్యములు — ఆ పేరు వినగానే మన పల్లెలవారికి తోచునవి ఇవియే. అది ఒక ఊరి పేరనియో, ఒక విధమైన చదువు పేరనియో తలంచువారును కలరు. అది ఒక స్త్రీ యింటిపేరు. ఆమె మొదట చేరదీసిన పిల్లలు ఫీజులు కట్టగలవారు కారు. ఏ బడియు చేర్చుకొనని పిల్లలు వారు. పిచ్చివారి ఆసుపత్రిలో మూసి పెట్టబడినవారు. ఈ సంగతి మనలో కొలదిమందికే తెలిసియుండును గనుక ఈ నెల ఆమె జీవితమును వ్రాయ దలచితిమి.

ఇట్లు తలంచుటకు మరియొక కారణమును కలదు. చెన్నూరు, కోటపల్లి, భీమారము పల్లెలలో ఏ బడికి పోయి అడిగినను, అక్షరము పట్టుబడని పిల్లలు తరగతికి ఒకరిద్దరైనను ఉందురు. ఐదవ తరగతికి వచ్చినను గుణింతము కుదురదు. బ, భ ఒకటిగానే తోచును, వత్తులు జారిపోవును, నల్లబల్లమీది మాటను పలకమీదికి దించుకొనులోపల సగము అక్షరములు తారుమారగును. అట్టివానిని వెనుక బల్లమీద కూర్చుండబెట్టుదురు. పాఠము అడుగునప్పుడు వాని వంతు రానే రాదు, దెబ్బలు పంచునప్పుడు మొదటి వంతు వానిదే. తండ్రి బడికి వచ్చి, సారూ, వీనికి భయము లేదు, మంచిగా కొట్టుమని చెప్పి పోవును. ఆ తండ్రికి బిడ్డమీద ప్రేమ లేదని మేము అనము. వేరొక ఉపాయము అతనికి ఎవరును చెప్పలేదు.

మరియా మాంటిస్సోరి 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశములో అంకోనా పట్టణమునకు సమీపమున కియారవల్లె అను ఊరిలో జన్మించెను. తండ్రి ప్రభుత్వోద్యోగి, పాత పద్ధతుల మనిషి. తల్లి రెనిల్డె పుస్తకములు చదువు అలవాటు గలది. వారికి ఆమె యొక్కతే బిడ్డ. ఆమె చిన్నతనములోనే కుటుంబము రోము నగరమునకు చేరెను. ఆమె మగపిల్లలు చదువు సాంకేతిక పాఠశాలలో చేరి, కొంతకాలము ఇంజనీరు కావలెనని తలంచి, తుదకు డాక్టరు చదువు చదివెదనని పట్టుబట్టెను. తండ్రికి అది యిష్టము లేదు. తల్లి మాత్రము కూతురి ప్రక్కన నిలిచెను. శవమును కోసి చూచు పాఠమును మగ విద్యార్థులతో కలిసి నేర్చుకొనుట తగదని పెద్దలు చెప్పగా, అందరును పోయిన తరువాత ఆ గదిలో ఒంటరిగా నేర్చుకొనవలసి వచ్చెను. 1896వ సంవత్సరము జూలై నెలలో ఆమెకు డాక్టరు పట్టము వచ్చెను. అప్పటికి ఆ దేశములో ఆ పట్టము పొందిన స్త్రీలు బహు కొలదిమందియే.

తరువాత ఆమె రోము విశ్వవిద్యాలయమునకు చేరిన మానసిక చికిత్సాలయములో సహాయ వైద్యురాలుగా పనిచేసెను. రోగులను ఎంచుకొనుటకై నగరములోని పిచ్చివారి ఆసుపత్రులకు పోవుచుండెను. అచ్చట బుద్ధి ఎదుగని పిల్లలను పెద్ద రోగులతో పాటు ఉంచియుండిరి. వారికి వేరొక చోటు లేదు. బడులు వారిని తీసికొనవు. తల్లిదండ్రులు దాచలేక అప్పగించి పోయిరి.

ఒక దినమున అట్టి పిల్లలున్న గదికి ఆమె వెళ్లెను. కావలి స్త్రీ వారిని చూపి, వీరు భోజనమైన వెంటనే నేలమీద పడి రొట్టె తునకలకై దేవులాడుదురని అసహ్యముతో చెప్పెను. మాంటిస్సోరి ఆ గదిని నలుదిక్కుల చూచెను. గోడలు తప్ప ఏమియు లేవు. బొమ్మ లేదు, కఱ్ఱముక్క లేదు, గుడ్డపీలిక లేదు. ఆ పిల్లలు ఆ తునకలను వేళ్లతో నలిపి, త్రిప్పి, చూచుచుండిరి. వారి కడుపు నిండియే యున్నది. చేతులకే ఏ పనియు లేదు. చేతితో పట్టుకొని తెలిసికొనుటకు ఆ గదిలో రొట్టెపొడి తప్ప వేరొక వస్తువే లేకుండెను.

మార్కు సువార్తలో సురోఫెనికయ వంశపు తల్లియొకతె తన చిన్న కుమార్తె కొరకు మన ప్రభువునొద్దకు వచ్చి, బల్లక్రింద పడు ముక్కలపై తన బిడ్డకు గల హక్కును అడిగిన సంగతి మనకందరికి తెలిసినదే. ఆ బిడ్డకు అడుగుటకు తల్లి యున్నది. రోము నగరములోని ఆ గదిలో పిల్లల కొరకు అడుగువారు లేకుండిరి. కావలి స్త్రీకి అసహ్యముగా తోచినది ఆ యువతికి ప్రశ్నగా తోచెను. అంతవరకు రోగమని డాక్టర్లకు వదలివేసిన ఈ సంగతి నిజముగా చదువునకు చేరినది కాదా అని ఆమె ఆలోచింప నారంభించెను.

ఈ ప్రశ్న ఆమెకంటె ముందు వేసినవారు ఇద్దరుండిరి. ఒకరు ఇటార్డ్ అను ఫ్రెంచి వైద్యుడు. అవెరాన్ ప్రాంతపు అడవిలో మాటలు రాక తిరుగుచు దొరికిన బాలునికి 1800వ సంవత్సర ప్రాంతమున ఆయన ఎంతో ఓర్పుతో చదువు చెప్పజూచెను. రెండవవారు ఆయన శిష్యుడు సెగుయిన్. బుద్ధిమాంద్యముగల పిల్లలకు పారిసు నగరములో బడి పెట్టి, తరువాత అమెరికాకు పోయి, అక్కడ 1880లో మరణించెను. వీరి గ్రంథములు ఎవరును చదువక మూలబడియుండెను. మాంటిస్సోరి వాటిని వెదకి తెచ్చి, మొదటినుండి చివరివరకు ఇటలీ భాషలోనికి మార్చి, తన చేతితోనే వ్రాసికొనెను. అచ్చు పుస్తకమును కంటితో చూచి పోవుటకంటె వ్రాసికొనిన యెడల ఒక్కొక్క మాట నిలకడగా అర్థమగునని ఆమె తలంపు. చేతికి పని పెట్టినగాని బుద్ధికి ఎక్కదను సంగతిని తన చదువు విషయమునను ఆమె పాటించినదన్నమాట.

1898 సెప్టెంబరులో ట్యూరిన్ పట్టణమున ఉపాధ్యాయుల మహాసభ జరిగెను. ఆ సభలో ఆమె ఈ పిల్లలకు మందుకంటె చదువు ఎక్కువ అవసరమనియు, వారికొరకు ప్రత్యేకపు తరగతులును, వారికి చెప్పగల ఉపాధ్యాయులును ఉండవలెననియు మాటలాడెను. ఆ మాటలు దేశమంతట ప్రాకెను. 1900లో రోము నగరమున అట్టి ఉపాధ్యాయులను తరిబీదు చేయు పాఠశాల తెరువబడెను. దాని అధికారులలో ఆమె యొకతె. మరియొకరు డాక్టరు మొంటెసానో. దానితో పాటు పిల్లల తరగతియు నుండెను. బడులనుండి త్రోసివేయబడినవారును, ఆసుపత్రి గదులనుండి తేబడినవారును అందు కూర్చుండిరి.

ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పవలెను. ఆ 1898లోనే మార్చి 31వ తేదీన మాంటిస్సోరికి ఒక కుమారుడు పుట్టెను. తండ్రి ఆ డాక్టరు మొంటెసానోయే. వారికి వివాహము జరుగలేదు. లోకనిందకు వెఱచి ఆ బిడ్డను పల్లెలో ఒక కుటుంబమున పెంపునకు ఉంచిరి. ఆమె అప్పుడప్పుడు పోయి చూచి వచ్చుచుండెను గాని, తాను తల్లినని చెప్పలేదు. ఒకరి పిల్లలకొరకు ఉదయము ఎనిమిది గంటలనుండి సాయంకాలము ఏడు గంటలవరకు బడిలో నిలిచిన మనిషి తన బిడ్డను దూరముగా ఉంచవలసి వచ్చెను. ఇది ఆమెకు మచ్చ అని కొందరందురు. మేము తీర్పు తీర్చుటకు పూనుకొనము; ఆ బాలుడు మరల ఈ కథలోనికి వచ్చును.

ఆ రెండేండ్ల పనిలో జరిగిన ఒక చిన్న సంగతిని మేము కొంచెము నిదానముగా చెప్పుదుము. పదునొకండేండ్ల బాలిక యొకతె ఆ తరగతిలో నుండెను. చేతులకు బలమున్నది, వేళ్లు బాగుగా ఆడును. అయినను చిరిగిన గుడ్డను దారముతో అల్లి సరిచేయు పని నేర్పబోగా, మొదటి మెట్టే ఎక్కలేకపోయెను. పోగు క్రిందుగా ఒకసారి, పోగు పైగా ఒకసారి సూదిని నడుపవలెను; అంతమాత్రమే. ఎన్నిసార్లు చూపినను రాలేదు. మనలో అనేకులు ఇక్కడ ఏమి చేసియుందురో చెప్పనక్కరలేదు. మాంటిస్సోరి సూదిని తీసి ప్రక్కన పెట్టించెను. ఫ్రోబెల్ అను జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు చిన్నపిల్లలకు కల్పించిన కాగితపు అల్లిక ఒకటి కలదు. రంగు కాగితపు పట్టీలను నిలువుగా పరచి, అడ్డపట్టీని ఒకదాని పైగా, ఒకదాని క్రిందుగా దూర్చుట. మన యిండ్లలో ఈతచాప అల్లునట్లే. ఆ పనిని బాలికకు ఇచ్చెను. ఆమె దానిని ఇష్టముతో నేర్చుకొనెను. కొన్నాళ్లకు మరల సూది, గుడ్డ చేతికి ఇయ్యగా, ఎవరును చూపకయే పని నడిచెను.

ఆ దినమునుండి ఆమె ఒక క్రమము పెట్టుకొనెను. ఏ పనియైనను పిల్లకు రానప్పుడు ఆ పనినే మరల మరల చేయించుట కాదు. ఆ పనిలో దాగియున్న కదలికను వెదకి, దానిని వేరొక సులువైన పనిలో ముందుగా చేతికి అలవాటు చేయవలెను.

అక్షరములను కూడ ఈ దారినే నేర్పెను. కొయ్యతో పెద్ద అక్షరములు చేయించెను. అచ్చులకు ఎఱ్ఱరంగు, హల్లులకు నీలిరంగు. పిల్లవాడు అక్షరము యొక్క ధ్వనిని వినును, పలుకును, దానిని చూచును, వ్రాయు వైపుననే వ్రేలితో దానిమీద నడచును. ముందు చూపుడువ్రేలితో, తరువాత రెండు వ్రేళ్లతో, ఆ తరువాత కలమువలె పట్టుకొనిన చిన్న పుల్లతో. కన్ను మరచినను వ్రేలు మరువదు. తరువాతి కాలములో పేద పిల్లలకు అంత ఖరీదైన అక్షరములు చేయించుటకు డబ్బు లేక, గరుకు కాగితమును అక్షరమువలె కత్తిరించి అట్టమీద అంటించిరి. నేడు లోకమంతట మాంటిస్సోరి బడులలో ఉన్నవి ఆ గరుకు అక్షరములే.

ఇది చదువుచుండగా మన తాతల వీధిబడి జ్ఞాపకమునకు రాక మానదు. గురువు పిల్లవాని వ్రేలు పట్టుకొని ఇసుకలో ఓనమాలు దిద్దించెడివాడు. ఇటలీ డాక్టరమ్మ ఎంతో వెదకి కనుగొనినది మన అరుగుమీద ఊరక పడియుండెను. అయితే ఆ వీధిబడిలోనే కోదండము, గోడకుర్చీ, తొడపాశము, గుంజీలు కూడ ఉండెను. కాలము మారినప్పుడు మనము ఇసుకను పారవేసి బెత్తమును ఉంచుకొంటిమి. ఏది ఉంచుకొనవలెనో ఏది పారవేయవలెనో అప్పుడు ఎవరును ఆలోచించినట్టు లేదు.

పిచ్చివారి ఆసుపత్రినుండి వచ్చిన ఆ పిల్లలలో కొందరు చదువను వ్రాయను నేర్చుకొనిరి. ఆమె వారిని ప్రభుత్వ పాఠశాలకు తీసికొనిపోయి, తక్కిన పిల్లలు వ్రాయు పరీక్షనే వారిచేత వ్రాయించెను. వారు నెగ్గిరి. రోము నగరమంతయు దానిని అద్భుతమని చెప్పుకొనెను. ఆమెకు మాత్రము వేరొక దిగులు పట్టుకొనెను. ఇంత తక్కువ శక్తిగల పిల్లలు ఇంతవరకు రాగలిగినప్పుడు, పూర్తి శక్తిగల పిల్లలు వారితో సమానముగానే ఎందుకు నిలిచిపోయిరి? తన పిల్లలు గొప్పవారని కాదు, మంచి పిల్లలను బడులు అణచి పెట్టుచున్నవని ఆమెకు తోచెను. కదలకుండ బిగించిన బల్లలు, బహుమానపు ఆశ, దండన భయము — ఇవి లేనిచోట ఎట్లుండునో చూడవలెనని కోరిక పుట్టెను.

1901లో ఆమె ఆ పాఠశాలను విడిచెను. మొంటెసానో వేరొకరిని వివాహము చేసికొనుటయు ఆ సంవత్సరమే జరిగెను. ఆరేండ్లు గడచిన తరువాత, 1907వ సంవత్సరము జనవరి 6వ తేదీన, జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ దినమున, సాన్ లొరెంజో అను బీదల పేటలో చిన్నపిల్లల బడి తెరువబడెను. ఇల్లు కట్టించిన సంఘమువారి ఉద్దేశము అంత గొప్పది కాదు. తల్లిదండ్రులు పనికి పోగా పిల్లలు మెట్లను గోడలను పాడుచేయుచుండిరి. వారిని ఒకచోట కూర్చుండబెట్టుటకు ఒక గది, ఒక స్త్రీ కావలసివచ్చెను. సుమారు ఏబదిమంది పిల్లలు. ఆ తరువాతి కథ లోకమునకు తెలిసినదే గనుక మేము దానిని వదలి, ఆమె క్రమశిక్షణను ఎట్లు చూచెనో అంతవరకు చెప్పుదుము.

ఆమె బడిలోని ఉపాధ్యాయిని మొదట పాత అలవాటు చొప్పుననే బహుమానములును దండనలును పెట్టెను. ఒకనాడు మాంటిస్సోరి వచ్చునప్పటికి, అల్లరి చేసినందుకు ఒక బాలుడు గది నడుమ కుర్చీలో కూర్చుండబెట్టబడియుండెను. మరియొక బాలుడు మంచి నడతకు వెండి సిలువ పతకము తగిలించుకొని, తన వస్తువులను అటునిటు మోసికొనిపోవుచు పనిలో మునిగియుండెను. పతకము జారి క్రింద పడెను. కుర్చీలోని పిల్లవాడు దానిని తీసి, ఇది నీదే కదా, నేను పెట్టుకొందునా అని అడుగగా, పనిలో నున్నవాడు పెట్టుకొమ్మని చెప్పి నిలువకుండ సాగిపోయెను. పనిలేనివాడు పతకముతో తృప్తి పొందెను. పని దొరికినవానికి అది అడ్డుగా తోచెను. దీనిని చూచిన తరువాత ఆమె బహుమానమును దండనను రెంటిని ప్రక్కన పెట్టెను.

అయితే అల్లరిని అట్లే వదలివేసెనని తలంచకుడు. తోటివారిని బాధించు పిల్లవాడుండిన యెడల ముందు డాక్టరుకు చూపించెను. ఆరోగ్యము సరిగానే యున్నదని తేలినచో, గదిలో ఒక మూల చిన్న బల్ల, సుఖమైన కుర్చీ వేసి, అందరును పనిచేయుట కనబడునట్లు కూర్చుండబెట్టి, వానికి ఇష్టమైన వస్తువులను చేతికి ఇచ్చెను. ఉపాధ్యాయిని గదిలోనికి రాగానే మొదట వానియొద్దకే పోవలెను, జబ్బుపడిన బిడ్డను పలుకరించునట్లు పలుకరించవలెను. కొన్నాళ్లకు వాడే లేచి తోటివారితో పనిలో చేరుచుండెను. మన వెనుక బల్లయు మూలనే యుండును. ఆ బల్లయొద్దకు ఉపాధ్యాయుడు ఎప్పుడు పోవునన్నదే భేదము.

బెత్తము వాడవలెనని సామెతల గ్రంథమే చెప్పుచున్నది కదా అని మనవారు ఆక్షేపింతురు. సామెతలు 13:24లో బెత్తమునకు వాడిన హెబ్రీ మాటయే 23వ కీర్తనలో కాపరి చేతి కఱ్ఱకును వాడబడినది. అచ్చట అది గొఱ్ఱెకు ధైర్యము. లేవీయకాండము 27:32లో మందను లెక్కపెట్టుటకు ఒక్కొక్క గొఱ్ఱెను దాటించునదియు ఆ కఱ్ఱయే. లెక్కలో ఒక్కటియు తప్పిపోకుండ చూచుటయు కఱ్ఱ పనియే యని మనము సాధారణముగా జ్ఞాపకము చేసికొనము.

ఆమె కాలమునకు తెలియనివి కొన్ని నేడు తెలిసినవి. బుద్ధి తక్కువ కావడము వేరు, చదువుటలో మాత్రము చిక్కుండుట వేరు. రెండవదానిని డిస్లెక్సియా అందురు. ఆ పిల్లవాని తెలివికి లోటు లేదు, కంటికి లోటు లేదు. ధ్వనిని అక్షరముతో కలుపు పని వాని మెదడులో కష్టముగా నడచును. అది సోమరితనము కాదు, పెంపకపు దోషమును కాదు. వేసవిలో తల్లి కోసికొని వచ్చిన తునికాకును కట్టకు ఏబది చొప్పున ఒక్కటియు తప్పకుండ లెక్కించి కట్టు పిల్లవాడు, బడిలో లెక్కల ప్రశ్నను చదువలేక సున్న తెచ్చుకొనవచ్చును. వాని తప్పు లెక్కలో లేదు, చదువుటలో నున్నది. అట్టివారికి కన్ను, చెవి, చేయి మూడింటిని కలిపి, ధ్వనులను ఒక క్రమమున, నెమ్మదిగా నేర్పుటయే నేటికిని మంచి మార్గమని నిపుణులు చెప్పుచున్నారు. ఆ కొయ్య అక్షరముల దారి ఇదే.

చట్టమును మారినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ విభాగము పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టములో 21 విధములైన వైకల్యములు చెప్పబడినవి. వాటిలో బుద్ధిమాంద్యమును, చదువుటలో వచ్చు ఈ ప్రత్యేకపు చిక్కును రెండును వేరువేరుగా ఉన్నవి. చిక్కును త్వరగా కనిపెట్టి తగిన సహాయము చేయుట బడి బాధ్యత. నూటికి 40 వంతులు గాని అంతకు మించి గాని వైకల్యమున్నదని ధ్రువపత్రము పొందిన పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితముగా చదువు; దగ్గర బడిలోనా, ప్రత్యేకపు బడిలోనా అనునది వారు ఎంచుకొనవచ్చును. మండలములలో భవిత కేంద్రములని ప్రభుత్వమువారు నడుపుచున్నారు; అక్కడ ఇట్టి పిల్లలకు చెప్పుటకు తరిబీదు పొందిన ఉపాధ్యాయులుందురు. మీ బడి ప్రధానోపాధ్యాయుని అడిగిన యెడల దారి చెప్పును. బుద్ధిమాంద్యముగల పిల్లల కొరకు 1984లో సికిందరాబాదులో జాతీయ సంస్థయు స్థాపింపబడినది. తల్లిదండ్రులు సిగ్గుపడి ఇంట దాచుకొనుటచేత ఈ సహాయములు అందక పోవచ్చును.

వేరే గదిలో చెప్పవలెనా, అందరితో కలిపి చెప్పవలెనా అని నేడును వాదము కలదు. మాంటిస్సోరి ప్రత్యేకపు తరగతులనే కోరెను. కాని ఆమె ఆ పిల్లలను అచ్చటనే ఉంచివేయలేదు. అందరు వ్రాయు పరీక్షకు తోడుకొనిపోయెను. మా తలంపునకు వేరే గది కొంతసేపటి సహాయమునకు మంచిదే. పిల్లవాని పేరు మాత్రము తోటివారి హాజరు పట్టీలో నుండవలెను, ఆటకు, భోజనమునకు, ప్రార్థనకు వారితో ఉండవలెను. మన ఆదివారపు బడిలోను వాక్యము అప్పచెప్పలేని పిల్లవానికి వేరొక వంతు దొరకవలసినదే. అప్పచెప్పుట ఒక్కటే పరీక్షగా పెట్టుట మాకు సరిగా తోచదు.

ఒక కొరత చెప్పకుండ ఉండలేము. 1901 తరువాత ఆమె ఎక్కువగా సాధారణ పిల్లల పనిలోనే జీవించెను. ఆసుపత్రి పిల్లలయొద్ద నేర్చుకొనిన పాఠము తక్కిన పిల్లలకు దక్కెను. నేడు ఆమె పేరు బోర్డుమీద పెట్టుకొనిన బడులలోనే, పిల్లవాడు వెనుకబడియున్నాడని చేర్చుకొనక పంపివేయువి లేకపోలేదు. ఆమె కీర్తి మొదలైనది అట్టి పిల్లలతోనే యని వారికి ఎవరైనను చెప్పవలెను.

1909లో ఆమె గ్రంథము వెలువడినది. అనేక భాషలకు అది పోయెను, అనేక దేశములకు ఆమె పోయెను. 1912 చివర తల్లి మరణించిన తరువాత, పదునైదేండ్ల కుమారుడు మారియోను తనయొద్దకు తెచ్చుకొనెను. అయినను లోకమునకు దత్తపుత్రుడనియో, బంధువుల బాలుడనియో చెప్పుచుండెను. 1934లో ముస్సోలినీ ప్రభుత్వము ఇటలీలో ఆమె బడులను మూయించెను. స్పెయిను దేశమునకు పోగా 1936లో అక్కడ అంతర్యుద్ధము వచ్చెను. తరువాత హాలండు.

1939లో, తన 69వ యేట, ఆమె దివ్యజ్ఞాన సమాజమువారి పిలుపుపై మద్రాసు అడయారునకు వచ్చెను. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివి; మన చెన్నూరు నైజాము రాజ్యములోనిది. మొదటి తరిబీదు తరగతికి దాదాపు మూడువందలమంది వచ్చిరి. ఆమె ఇటలీ భాషలో చెప్పగా మారియో ఇంగ్లీషులోనికి మార్చి చెప్పుచుండెను. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధములో దిగగానే వారిరువురు శత్రుదేశస్థులైరి. మారియోను అహమదునగరపు నిర్బంధ శిబిరమునకు పంపిరి. ఆమెను అడయారు తోటలో కదలకుండ ఉంచిరి.

ఆ ఆగస్టు 31వ తేదీన ఆమెకు డెబ్బది నిండెను. ఆ దినమున వైస్రాయినుండి టెలిగ్రాము వచ్చెను. ఆమె పుట్టినదినమునకు ఏమి కానుక పంపవలెనా అని ఆలోచించి, ఆమె కుమారుని ఆమెకు తిరిగి పంపుటయే తగినదని నిశ్చయించితిమని దాని తాత్పర్యము. నలువది రెండేండ్లు తన నోటితో బహిరంగముగా చెప్పుకొనజాలని మాటను ప్రభుత్వపు కాగితము చెప్పెను. ఆ తరువాత యుద్ధకాలములో కొంతభాగము వారు కొడైకెనాల్ కొండమీద గడపిరి. ఈ దేశములో ఆమె వేయిమందికి పైగా ఉపాధ్యాయులను తరిబీదు చేసెను. 1946లో పోయి, 1947లో మరల వచ్చి, 1949లో కడపటిసారి వెళ్లెను.

1952వ సంవత్సరము మే 6వ తేదీన హాలండు సముద్రతీరమున నూర్ద్‌విక్ అను ఊరిలో ఆమె మరణించెను. 81 ఏండ్ల వయసున, ఆ దినమునను ఆఫ్రికాకు పోయి అక్కడి ఉపాధ్యాయులకు తరిబీదు ఇయ్యవలెనని మారియోతో మాటలాడుచుండెను. ఆ ఊరి చర్చి శ్మశానములోనే ఆమెను ఉంచిరి. మరణశాసనములో మారియోను తన కుమారుడని వ్రాసెను. ఆయన 1982లో చనిపోవువరకు తల్లి పనినే చేసెను.